అలక తెప్ప మీద ఊరంతా

చదివేవాడా, నిన్నొక మాట అడుగుతాను, తల దించకుండా చెప్పు: మీ అక్క ఇంటి కింద నీళ్లు దూరుతుంటే, ఆ కన్నం పూడ్చడానికి నువ్వు ఎంతమంది వేలిముద్రలు అడుగుతావు?

ఒకరివా? ఇద్దరివా? మా తేలంపాడులో నలభై ఒక్కమందివి అడుగుతారు. నవ్వకు. ముందు మీ ఊళ్లో ఎన్ని కావాలో లెక్కపెట్టుకుని రా, అప్పుడు ఇద్దరం కలిసి నవ్వుదాం.

నా పేరు కొర్నేలు. తాళ్లు పేనేవాణ్ణి. బడి మొహం చూడలేదు. లేఖనాన్ని అక్షరం అక్షరం కూడబలుక్కుని నేర్చుకున్నాను. ఆదివారం మందిరం తెప్ప మీద గొంతు పోయేదాకా వాక్యం చెబుతాను. మిగతా ఆరు రోజులూ ఏ తెప్ప నీటికి ఎంత ఎత్తున తేలుతోందో ఈ పుస్తకంలో రాస్తాను. జరిగింది జరిగినట్టు రాస్తున్నాను. నేను చేసిన తప్పుతో సహా.

నమోదు 1. సోమవారం, పొద్దుటి పోటు
పెద్ద నీళ్లు వచ్చిన అరవై ఏడో ఏడు. దీనమ్మ తెప్ప: నీటికి జానెడు పైన.

దీనమ్మ నా పెద్దక్క. పూటకూళ్ల తెప్ప నడుపుతుంది. పొయ్యి లేనివాళ్లకీ, పొయ్యి ఉండీ బద్ధకించినవాళ్లకీ ఆవిడే వండిపెడుతుంది. ఈ పొద్దున నేను ఆ తెప్ప అంచుకి పట్టిన నత్తగుల్లలు గీకుతుంటే అడుగు నుంచి బుడబుడమని చప్పుడు వినపడింది. మా గజ ఈతగాడు సైదులు కిందికి మునిగి చూసి వచ్చాడు.

"అన్నా, తెప్పని తేల్చే డ్రమ్ముల్లో రెండు చీలాయి. గోదాంలో కొత్తవి ఉన్నాయి. ఇస్తే అరగంట పని."

ఇస్తే అన్న మాట దగ్గర నవ్వాడు. నవ్వడా మరి!

"అక్కా, డ్రమ్ములు వచ్చేదాకా మా తెప్ప మీదికి వచ్చెయ్" అన్నాను.

"నేను వస్తాను. నా పొయ్యి వస్తుందా? నలభై మంది విస్తళ్లు వస్తాయా? ఈత రానిదాన్నిరా తమ్ముడూ, నీళ్లు నా పొయ్యి దాకా రాకముందే ఆ డ్రమ్ములేవో తెచ్చి బిగించు. నీ ప్రసంగం తర్వాత వింటాను."

గోదాం తలుపు కరణంగారి చేతిలో ఉంది. కరణంగారంటే మనిషి కాదు, యంత్రం. మా తాతలు నేల మీద ఉన్న రోజుల నాటిది. ప్రతి తెప్ప మీదా ఒక రేకు గొట్టం ఉంటుంది, అందులోంచి మాట్లాడతారు. పొరపాటున కూడా ఎవర్నీ నువ్వు అనరు.

"కొర్నేలు గారూ, రెండు డ్రమ్ములకు నలభై ఒక్క ముద్ర కావాలండి. నలభై ఒకటీ ఒకే పోటులో పడాలి. పోటు తిరిగితే పాత ముద్రలు చెల్లవండి."

"ఒక పోటంటే ఆరు గంటలేగా కరణంగారూ?"

"ఆరు గంటల పన్నెండు నిమిషాలండి. పన్నెండు నిమిషాలు ఎందుకు వదులుకుంటారు?"

నమోదు 2. మంగళవారం, సాయంత్రం పాటు, నీళ్లు తీసే వేళ
దీనమ్మ తెప్ప: బెత్తెడు పైన.

తెల్లారగానే ముద్రపలక చంకన పెట్టుకుని దోనె ఎక్కాను. తెప్పకో సంఘం. రెండు తెప్పలు కలిసేచోట జత సంఘం, తాడు ఎవరి కొక్కేనికి కట్టాలో తేల్చడానికి. ఆ పైన వరుస సంఘం, చాలు సంఘం, పేట సంఘం, దిక్కు సంఘం, మండలి, అన్నిటి పైనా మహామండలి. ఎనిమిది మెట్లు! ఊళ్లో పెద్దవాళ్లం మూడువందల పద్దెనిమిది మందిమి. పదవులు ఐదువందల ఆరు. పదవి లేని ప్రాణి మా దీనమ్మక్క ఒక్కతే. అడిగే తీరిక లేక.

జత సంఘం అధ్యక్షురాలు తిరుపతమ్మ ముద్ర వెయ్యడానికి ముందు తల దువ్వుకుంది.

"వేలుకి తల దువ్వడం ఎందుకు తల్లీ?" అన్నాను.

"అధ్యక్షురాలినయ్యా! ఉత్త తలతో వెయ్యమంటావా? అయినా నీ గోల ఎప్పుడూ ఇంతే, వాక్యం చెప్పినా హడావిడే, తాడు పేనినా హడావిడే."

ముప్పై ఏడు ముద్రలు పడ్డాయి. ముప్పై ఎనిమిదో ఆయన దిక్కు సంఘం ఉపాధ్యక్షుడు. పీతల బుట్టలు ఎత్తడానికి వెళ్లాడు. వెతికి పట్టుకుని ఆయన వేలు తుడిచి పలక మీద ఆనించబోతున్నాను, ఇంతలో గొట్టం పలికింది:

"పోటు తిరిగిందండి. ముద్రలన్నీ రద్దు. నమస్కారం."

ఆ ఉపాధ్యక్షుడు వేలు గాల్లో అలాగే పెట్టుకుని, "నాది కూడా రద్దయిందా? నేను వెయ్యనే లేదే!" అని నొచ్చుకున్నాడు. నొచ్చుకుని ఏం చేశాడనుకున్నావు? నేరుగా అలక తెప్ప ఎక్కి కూర్చున్నాడు.

అలక తెప్ప సంగతి చెప్పాలి. అసలు జబ్బు అక్కడుంది. మా తాతలు మొదటి తెప్పలు కట్టిన ఏడు ఒక పెళ్లి జరిగింది. పెళ్లికొడుకు ఆనవాయితీగా అలక పాన్పు ఎక్కాడు. మామగారి దగ్గర ఇవ్వడానికి ఏముంది? పొలం నీళ్ల కింద, ఆవు నీళ్ల కింద. పాపం ఆయన బుర్ర గోక్కుని, "అల్లుడుగారూ, మిమ్మల్ని తాళ్ల పెద్దని చేశాం, దిగండి" అన్నాడు. అల్లుడు దిగాడు. ఆ మర్నాడే తోడల్లుడు ఎక్కాడు. అప్పట్నుంచి అదే కట్టుబాటు: ఎవరికి మనసు కష్టమైనా అలక తెప్ప మీద నులక మంచం ఎక్కుతారు. వాళ్లకి పూటకూళ్ల తెప్ప నుంచి అన్నం పంపాలి. మూడు పూటల్లోగా ఏదో ఒక పదవి ఇచ్చి దించాలి. కాదనకూడదు. ఊరు ఇంతవరకు ఎవర్నీ కాదనలేదు. ఐదువందల ఆరు పదవులు అలా పుట్టాయి, ప్రియులారా! పనికోసం పుట్టింది వాటిలో ఒక్కటుంటే నా నాలుక కోసుకుంటాను.

నమోదు 3. బుధవారం, మధ్యాహ్నం
దీనమ్మ తెప్ప: మూడు వేళ్లు పైన.

మహామండలి ముందు నిలబడ్డాను. అధ్యక్షుడు వీరంకి నాంచారయ్య గారు కాళ్లు రెండూ వేడినీళ్ల బక్కెట్లో పెట్టుకుని కూర్చున్నారు. కీళ్లవాతం.

నేను అందుకున్నాను. "అయ్యలారా, అమ్మలారా! లేఖనంలో వరదకి ముందే ఓడ కట్టిన ఆ పెద్దాయన ఎనిమిది మందితో లోకాన్ని ఒడ్డు చేర్చాడు. ఎనిమిది మంది! అందులో జత సంఘం ఉందా? ఏనుగు మేతకి దిక్కు సంఘం ముద్ర అడిగారా? మనకి ఎనిమిది మెట్లున్నాయి, ఎక్కేవాడే మునిగిపోతున్నాడు! ఇంకోటి వినండి. ఎడారిలో జనాన్ని నడిపించిన పెద్దాయన దగ్గరికి ఆయన మామగారు వచ్చాడు. పొద్దున్నించి సాయంత్రం దాకా తగువులన్నీ అల్లుడొక్కడే వింటుంటే చూసి, ఇలా అయితే నువ్వూ నలుగుతావు, జనమూ నలుగుతారని చెప్పాడు. పద్దెనిమిదో అధ్యాయం!"

"ఏం చెయ్యమన్నాడు ఆ మామగారు?" నాంచారయ్య గారు అడిగారు.

"పదిమందికొకణ్ణి, యాభైమందికొకణ్ణి, వందకొకణ్ణి, వెయ్యికొకణ్ణి పెట్టమన్నాడు."

"అంటే నాలుగు మెట్లు."

"...అవునండి."

"మామగారు నాలుగు పెట్టమన్నాడు, మనం ఎనిమిది పెట్టాం. రెండింతలు భక్తి మనది! ఏమయ్యా బోధకుడా, నీ గ్రంథమే మాకు సాక్షి కదా!"

సభ ఘొల్లుమంది. నా చెవులు కాలిపోయాయి. ఇరవై ఏళ్లుగా ఆ అధ్యాయం చెబుతున్నాను, మెట్లు లెక్కపెట్టినవాడు ఒక్కడూ లేడు. కళ్లు మూసుకుని ఆ అధ్యాయాన్ని మళ్లీ మనసులో చదువుకున్నాను. దొరికింది.

"అయ్యా, మామగారు కుర్చీలు లెక్కపెట్టలేదు. చిన్న సంగతి కిందనే తేల్చండి, పెద్దది మాత్రమే పైకి పంపండి అన్నాడు. మనం ఏం చేస్తున్నాం? చిన్నదాన్ని కిందనుంచి పైదాకా మోస్తున్నాం, పైకి చేరేసరికి అది చస్తోంది. మెట్టు ఉండాల్సింది ఎక్కడానికి కాదు, అక్కడే ఆగడానికి!"

నాంచారయ్య గారు బక్కెట్లో ఒక కాలు కదిపి, తిరుపతమ్మ వైపు ఓరగా చూసి, "అయితే జత, చాలు, దిక్కు సంఘాలు తీసేద్దాం. ఎనిమిది ఐదవుతాయి" అన్నారు. తిరుపతమ్మకీ ఆయనకీ ఆరేళ్లుగా పడదు. ఆవిడ పదవి పోతుందంటే ఆయనకి కీళ్ల నొప్పే తగ్గింది. ఆ పూటే తీర్మానం నెగ్గింది. నూట పద్దెనిమిది పదవులు రద్దు!

అక్కకి చెప్పాను. "గెలిచానే!"

"డ్రమ్ములేవి?"

"వస్తాయి, ముందు వ్యవస్థ మారాలి కదా."

"వ్యవస్థ మీద అన్నం వండలేనురా."

నమోదు 4. గురువారం, పొద్దున
దీనమ్మ తెప్ప: రెండున్నర వేళ్లు.

పదవులు పోయినవాళ్లు నూరుమందికి పైగా అలక తెప్ప మీద ఉన్నారు.

ఒక మంచం కోసం కట్టిన తెప్ప అది. అందరికంటే ముందు తిరుపతమ్మ ఎక్కి మంచం పట్టుకుంది. మిగతావాళ్లు చాపలు వేసుకున్నారు. గొడుగులు తెచ్చుకున్నారు. వాళ్లందరికీ మూడు పూటలా అన్నం ఎవరు వండాలి? దీనమ్మక్క! నీళ్లు దూరుతున్న తెప్ప మీదికి బియ్యం బస్తాలు, మంచినీళ్ల పీపాలు ఎక్కిస్తున్నారు. నా కళ్లముందే తెప్ప కుంగుతోంది. నేనే కుంగదీశాను. వాక్యం చెప్పి మరీ కుంగదీశాను.

నమోదు 5. శుక్రవారం, మధ్యాహ్నం
దీనమ్మ తెప్ప: ఒక్క వేలు.

మూడు పూటలు దాటాయి. కట్టుబాటు ప్రకారం అందరికీ పదవులు ఇచ్చారు. "రద్దయిన సంఘాల జ్ఞాపక సంఘం" అని ఒకటి. "రద్దు సక్రమంగా జరిగిందో లేదో చూసే సంఘం" అని ఇంకొకటి. ఇరుకులో కూర్చున్నందుకు కొందరికి రెండేసి. పదవులు ఇప్పుడు ఐదువందల అరవై ఒకటి.

"కరణంగారూ, ఇప్పుడు డ్రమ్ములకి ఎన్ని ముద్రలు?"

"యాభై ఎనిమిదండి. సరళీకరణ చాలా బాగా జరిగిందండి."

ఆ యంత్రానికి ఎగతాళి చెయ్యడం తెలియదు. అదే బాధ.

ఇక రద్దు కానివాళ్లు చూశారు: రద్దయినవాళ్ల కొత్త పదవుల పేర్లు తమ వాటికంటే పొడుగ్గా ఉన్నాయి! వాళ్లూ అలిగి ఎక్కారు. కొత్త పదవులు దొరికినవాళ్లు, పక్కవాడికి ఇంకేం దక్కుతుందో చూద్దామని, దిగనే లేదు. నాంచారయ్య గారు కూడా, "ముప్పై ఏళ్లుగా నాకు అదే మహా, అదే మండలి. ఒక్క అక్షరం పెరగలేదు" అంటూ బక్కెట్టుతో సహా వచ్చి అలక తెప్ప ఎక్కారు.

ఇప్పుడు రాయబోయేది రాయకుండా ఈ పేజీ చింపేద్దామనుకున్నాను. వాక్యం చెప్పే నోటితో అబద్ధం రాయలేను. రద్దయిన జాబితాలో నా పేరు కూడా ఉంది. "జత తాళ్ల ఉపపరిశీలకుడు: కొర్నేలు." ఆ పదవి నాకు ఉన్నట్టే నేను మరిచిపోయాను. అది పోయిందని తెలియగానే ఛాతీలో ఏదో భగ్గుమంది. ఇంత చేసినవాణ్ణి, ఊరికి దారి చూపించినవాణ్ణి, నాదే తీసేస్తారా? లేఖనం తెరిచాను, అక్షరాలు కనబడలేదు. కాళ్లు వాటంతటవే నడిచాయి.

మధ్యాహ్నం అక్క అన్నం గంప నెత్తిన పెట్టుకుని, తడిసిన చీర కుచ్చిళ్లతో అలక తెప్ప మీదికి వచ్చింది. విస్తరి విస్తరికీ వడ్డిస్తూ వచ్చి, నా ముందు ఆగింది. గరిటె గాల్లో ఆగిపోయింది.

"నువ్వూనా?"

నేను విస్తరి వైపు చూశాను.

"పప్పు వెయ్యనా, పులుసు వెయ్యనా ఉపపరిశీలకుడు గారూ?"

తిట్టినా బాగుండేది. వడ్డించేసి వెళ్లిపోయింది.

నమోదు 6. శనివారం
దీనమ్మ తెప్ప: నీటితో సమానం.

పొద్దున పూటకూళ్ల తెప్ప మీంచి పొగ రాలేదు. అలక తెప్ప మీద మూడువందల పదిహేడు మంది ఆకలితో మెడలు చాచి చూస్తున్నాం. అక్క పొయ్యిలో నిప్పులు ఆర్పింది. గరిటె నడుముకి దోపుకుంది. పలక వంతెన మీద అడుగులో అడుగు వేసుకుంటూ, ఎవరి చెయ్యీ పట్టుకోకుండా, అలక తెప్ప మీదికి వచ్చింది.

"తిరుపతమ్మా, లే."

తిరుపతమ్మ లేచింది. ఎందుకు లేచిందో ఆవిడకే తెలియదు. అక్క నులక మంచం మీద కూర్చుంది. ఆ బరువుకి తెప్ప ఇంకాస్త దిగి, నీళ్లు మా చీలమండల దాకా వచ్చాయి.

"దీనమ్మా! నువ్వు అలిగితే వండేదెవరు?" నాంచారయ్య గారు కంగారుపడ్డారు.

"నన్ను బతిమాలేదెవరో అది ముందు చూసుకోండి."

అప్పుడు తెలిసింది అందరికీ. ఊరంతా ఇక్కడే ఉంది. బతిమాలేవాళ్లు ఎవరూ మిగల్లేదు.

"అక్కా, తెప్ప మునుగుతోంది, నీకు ఈత రాదు, దిగు" అన్నాను.

"నా తెప్ప ఆరు రోజులుగా మునుగుతోంది. ఎవరికీ చెమ్మ తగల్లేదు. ఇప్పుడు తగిలిందా?"

నాంచారయ్య గారు గొంతు సవరించుకున్నారు. "అమ్మా, కట్టుబాటు ప్రకారం అడుగు. ఏ పదవి కావాలి? ఊరు కాదనదు."

"అన్నీ."

"అన్నీ అంటే?"

"ఐదువందల అరవై ఒకటి. మీ అందరివీ. ఒక్కటి తగ్గినా లేవను."

గోల, గోల! అది ఎలా కుదురుతుందని ఒకరు, ముందు సంఘం వేసి ఆలోచించాలని ఒకరు. ఈలోగా నీళ్లు పిక్కలు దాటాయి. నాంచారయ్య గారి బక్కెట్టు ఆయన్ని వదిలేసి తేలుతూ వెళ్లిపోయింది. కట్టుబాటు కాదంటే రేపట్నుంచి ఎవరి అలకా చెల్లదు. కాదనకపోతే పదవి పోతుంది. ఎటూ పాలుపోక ఒకరి మొహాలు ఒకరు చూసుకుంటుంటే, తిరుపతమ్మ అరిచింది:

"ఇచ్చి తగలెయ్యండయ్యా! పట్టుచీర తడిసిపోతోంది!"

ముద్రపలక నా చంకలోనే ఉంది. మొదటి వేలు నాదే పెట్టాను. ఇది గొప్పగా చెప్పడం లేదు, ముందు రోజు తిన్న అన్నం గొంతులో అడ్డుపడి పెట్టాను. పలక చేతులు మారింది. తిరుపతమ్మ తల దువ్వుకోలేదు.

గొట్టం పలికింది. "మూడువందల పదిహేడు ముద్రలండి. అన్నీ ఒకే పోటులో, ఒకే చోట. అరవై ఏడేళ్లలో మొదటిసారండి. అభినందించే అధికారం నాకు లేదండి."

"కరణంగారూ, గోదాం తెరవండి" అంది అక్క.

"ఏ హోదాలో తెరవమంటారమ్మా?"

"అన్ని హోదాల్లో."

గోదాం తలుపు కిర్రుమంది. సైదులు అప్పటికే నీళ్లలో దూకాడు. "ఇదిగో ఇస్తే అన్నది ఇదే!" అంటూ.

అరగంట. నేను లెక్కపెట్టాను. మేమంతా మోకాళ్ల లోతు నీళ్లలో, చేతికి దొరికిన చెంబులతో నీళ్లు తోడుతూ నిలబడ్డాం. పూటకూళ్ల తెప్ప అంచు నీళ్లలోంచి లేచింది. వేలెడు. బెత్తెడు. జానెడు. అక్క మంచం మీద కూర్చునే చూసింది. ఏడవలేదు. ముక్కు చీది కొంగుతో తుడుచుకుంది, అంతే.

"ఇప్పుడు దిగు తల్లీ" అన్నారు నాంచారయ్య గారు.

"ఒక్క క్షణం. పదవులన్నీ నావేగా? కరణంగారూ, రాసుకోండి. తెప్ప సంగతి తెప్పవాళ్లే తేల్చుకుంటారు, ఒక్క ముద్ర చాలు. ఊరి సంగతి అయితే అందరూ ఇక్కడికే వచ్చి, తడుస్తూ తేలుస్తారు. తడిస్తే తొందరగా తేలుతుంది. మధ్యలో మిగిలిన మెట్లన్నీ తీసెయ్యండి. అలిగినవాళ్లకి ఇకమీదట పదవి ఇవ్వొద్దు, గుల్లలు గీకే కత్తి ఇవ్వండి."

"మరి ఈ ఐదువందల అరవై ఒక్క పదవుల్ని ఎక్కడ పెట్టమంటారమ్మా?"

"నాకేం తెలుసు? నాకు బియ్యం నానుతున్నాయి."

లేచి వెళ్లిపోయింది.

నమోదు 7. ఆదివారం, మందిరం తెప్ప మీద నుంచి
దీనమ్మ తెప్ప: జానెడు, ఒక వేలు.

తిరుపతమ్మ తెప్ప కొక్కెం ఒకటి ఈ పొద్దున ఊడింది. తెప్పవాళ్లు నలుగురూ చూసుకున్నారు, ఒక్క ముద్ర వేశారు, సైదులు బిగించాడు. ఆవిడ అరగంట సేపు అలాగే నిలబడి, "ఇంతేనా?" అంది. పాపం, ఏదో పోగొట్టుకున్నదానిలా. నాంచారయ్య గారికి కొత్త బక్కెట్టు ఇచ్చాం. ఏ సంఘమూ అడగలేదు.

నా సంగతి అడుగుతావేమో. నా ఉపపరిశీలక పదవి పోయిందని నిన్న సాయంత్రం దాకా లోపల మంట ఆరలేదు. అక్క చూసింది. ఏమీ అనకుండా గుల్ల కత్తి చేతిలో పెట్టింది. పూటకూళ్ల తెప్ప నాలుగంచులూ గీకాను. మూడో అంచుకి మంట ఆరింది. నాలుగోది ఊరికే గీకాను.

అందుకే ఈ పుస్తకాన్ని దోనెలో పెట్టి మీ ఊరికి పంపుతున్నాను, చదివేవాడా. మీ తెప్పల కింద కూడా డ్రమ్ములున్నాయి. మీ ఊళ్లో కూడా ఎవరో ఒక అక్క పొయ్యి దాకా నీళ్లు వచ్చి ఉంటాయి. మీ గొట్టాల్లో కూడా ఒక కరణంగారు ముద్రలు లెక్కపెడుతూ ఉంటారు. దీన్ని చదివి బాగుంది అనకు! దీని మీద చర్చించడానికి సంఘం వెయ్యకు! నీ పేరు చివర ఏ పదవి వేలాడుతోందో ముందు దాన్ని తీసి నీళ్లలో పడెయ్. నొప్పిగా ఉంటుంది, నాకూ ఉంది, గీకితే పోతుంది. తర్వాత ఊరందర్నీ ఒక్క తెప్ప మీదికి పిలువు, పాదాలు తడిసేదాకా అక్కడే నిలబెట్టు.

రేపు అనకు. ఈ రాత మీద కళ్లు ఆడుతున్న ఇప్పుడే అడుగున బుడబుడలు వినపడుతున్నాయి, చెవి పెట్టు. పోటు తిరగడానికి ఇంకా ఎంతో లేదు. చెంబు తీసుకో. లే!